కొట్టివేత లేని విమానాల పుస్తకం

అత్వెల్లి,
24 జనవరి 1999

తమ్ముడు జనార్ధన్‌కు అక్క వినోద రాసేది,

అందరం బాగున్నాం అని మొదలుపెట్టాలి కదా, అందుకని రాస్తున్నాను. అమ్మ బాగుంది, బిందు పదో తరగతి పరీక్షలకు చదువుతోంది, నాకేం రోగం లేదు. మీ బావ సంగతి మాత్రం కింద చదివి నువ్వే తేల్చుకో.

మొన్న మంగళవారం పొద్దున ఒక సర్దార్జీ మన దుకాణం ముందు లారీ ఆపి పంక్చర్ వేయమన్నాడు. మీ బావ లారీని జాకీ మీద నిలబెట్టాడు, టైరు విప్పాడు, గడియారం చూశాడు, దుర్భిణి మెడలో వేసుకుని డాబా ఎక్కాడు. ఎనిమిదీ ఇరవైకి నీ విమానం మా మీదుగా శామీర్‌పేట చెరువు వైపు తిరగాలి కదా. సర్దార్జీ కింద నుంచి అరిచి అరిచి, పైన ఏ ఘనకార్యం జరుగుతోందో చూద్దామని తనూ ఎక్కాడు. అరగంట దాకా ఇద్దరూ దిగలేదు. పోతూ పోతూ సర్దార్జీ "బెహన్‌జీ, మీ ఆయనకు తబియత్ ఖరాబా?" అని అడిగాడు. నేను కాదనలేదు.

ఈ జబ్బు అంటించింది నువ్వే. ఎనిమిదేళ్ల కింద బొంబాయి ఎయిర్‌పోర్టులో పనికి కుదిరి, "మంగళవారం, శుక్రవారం పొద్దున హైదరాబాద్ వచ్చే విమానం నాదే" అని ఉత్తరం రాశావు. ఆ రోజు నుంచి అమ్మ వారానికి రెండుసార్లు వాకిట్లో నిలబడి ఆకాశానికి కొంగు ఊపుతోంది. "నా కొడుకు పోతాండు" అని దారిన పోయేవాళ్లకు చూపిస్తుంది. అత్తకు కళ్లు సరిగా ఆనవు కదా అని మీ బావ దుర్భిణి కొన్నాడు. తర్వాత ఆ విమానం కడుపు కింద వేరే తెలుపు రేకు అతుకు కనబడిందట. టైర్లకు అతుకులు వేసుకునే మనిషి, ఇంకేం కావాలి, దానికి "అతుకుది" అని పేరు పెట్టి పుస్తకం తెరిచాడు.

ఇప్పుడు అది మూడో పుస్తకం. తేదీ, టైము, నంబరు, ఎత్తు. పెన్నుతోనే రాయాలి, ఒక్క కొట్టివేత ఉండకూడదు, కంటితో చూడనిది రాయకూడదు. ఒక శుక్రవారం మేం పేట్ బషీరాబాద్‌లో పెండ్లికి పోతే, చేపలు పట్టే కుర్మయ్య చెరువు కట్ట మీద నుంచి చూసి టైము తెచ్చిచ్చాడు. మీ బావ రాయలేదు. ఖాళీగా వదిలేశాడు. దాని మీద ఇద్దరికీ నెల రోజులు మాటల్లేవు. బిందు పుట్టిన తేదీ స్కూల్లో తప్పు పడితే మాత్రం "ఏముందిలే" అన్న మనిషి ఈయనే.

సాయంత్రం బిందు ఆ రోజు రాసింది అమ్మకు చదివి వినిపించాలి. అది వింటే గానీ అమ్మకు ముద్ద దిగదు. బడి గుమాస్తాగా రిటైరైన బాలనర్సయ్య కూడా మీ బావతో, కుర్మయ్యతో కలిశాడు. ముగ్గురికీ ఒక సంఘం, దానికో పేరు, విమాన మిత్ర మండలి. ఇంత మందికి పిచ్చి పట్టించి నువ్వు మాత్రం పైన హాయిగా తిరుగుతున్నావు.

ఇట్లు, ముగ్గురు పిచ్చివాళ్లకు చాయ్ కాచే
అక్క


బొంబాయి,
4 ఫిబ్రవరి 1999

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నవ్వాను. బావను ఏమీ అనకు. ఇక్కడ కూడా గోడ పక్కన నిలబడి విమానాల నంబర్లు రాసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల ప్యాంట్లు మంచివి, అంతే తేడా.

బావకు ఒక వార్త చెప్పు, కొంచెం మెల్లగా చెప్పు. ఆ అతుకుల విమానం ముసలిదైంది. మార్చి 30, మంగళవారం, హైదరాబాద్‌కు దాని చివరి రాక. తర్వాత దాన్ని ఇక్కడే ఒక మూలకు నెట్టి రేకులు ఊడదీస్తారు. నాకేం పరవాలేదు, వేరేది ఇస్తారు. అమ్మను దిగులు పడొద్దను.

బొంబాయిలో మిఠాయిలు బాగుంటాయి గానీ పంపితే దారిలో కరుగుతాయి, అందుకే ఈసారి కూడా పంపడం లేదు.

నీ తమ్ముడు జనార్ధన్


అత్వెల్లి,
16 ఫిబ్రవరి 1999

తమ్ముడూ,

మెల్లగా చెప్పమన్నావు. మెల్లగానే చెప్పాను. మీ బావ కంచం ముందు నుంచి లేచి వెళ్లి పాత ట్యూబుల మధ్య కూర్చున్నాడు. మా మామ పోయినప్పుడు కూడా అన్నం తిన్న మనిషి.

మర్నాడు మండలి కూర్చుంది. సర్కారు నౌకరీ చేసి దిగినవాళ్లకు శాలువా కప్పి సన్మానం చేస్తారు కదా, విమానానికి ఎందుకు చేయకూడదని బాలనర్సయ్య లేవదీశాడు. ఆయన దిగిన రోజు బడిలో ఎవరూ చేయలేదు, ఆ కడుపుమంట ఇప్పటికి బయటపడింది. సన్మాన పత్రం ఆయనే రాశాడు. "తమరు మీ సుదీర్ఘ సర్వీసులో ఒక్కనాడు కూడా సెలవు పెట్టక" అని మొదలైంది. మీ బావ పుస్తకం తీసి, లేదు, నలభై ఒక్క రోజులు రాలేదు అన్నాడు. రెండు పూటలు కొట్లాడి "నలభై ఒక్క రోజులు తప్ప" అని చేర్చారు. మేడ్చల్ పెయింటరుతో బట్ట మీద రాయించారు: "పదవీ విరమణ చేయుచున్న బోయింగ్ గారికి ఘన వీడ్కోలు."

ఇక దండ. విమానానికి దండ ఎలా వేస్తారని నేనే అడిగాను, నా నోరు ఊరుకోదు కదా. అప్పుడు అమ్మ తడుముకోకుండా అన్నది: "మంగళారమైతే నా కొడుకు అండ్లనే ఉంటడు గద. వానికే ఎయ్యిండ్రి." ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఆ రోజు అందరూ బేగంపేటకు వస్తారట. నువ్వు దిగి గేటు బయటికి రావాలి, దండ నీ మెడలో పడాలి. అమ్మ కూడా వస్తుంది. బిందుకు ఆ రోజు పరీక్ష, నేను రాను. బతికిపోయాను.

కింద మీ బావ రాస్తాడట, జాగా వదులుతున్నాను.

బామ్మర్దీ, మీ అక్క రాసిందంత నమ్మకు. నలభై ఒక్క రోజులు మాత్రం నిజం. నువ్వు తప్పక రావాలె. అత్తమ్మ ఇప్పటిసంది చీర తీసి పెట్టుకున్నది. – ఎల్లేష్

ఇట్లు, నోరు జారిన
అక్క


బొంబాయి,
27 ఫిబ్రవరి 1999

అక్కా,

ఇదేం గోల. విమానానికి సన్మానం ఏమిటి, బేగంపేట ఏమిటి, నలుగురు చూస్తే నవ్వరా. మా పని సంగతి మీకు తెలియదు. ఆ రోజు డ్యూటీ ఎవరికి పడుతుందో ముందే చెప్పరు. పడినా మమ్మల్ని గేటు బయటికి రానివ్వరు. దండలు, బ్యానర్లు పట్టుకుని వస్తే పోలీసులు పట్టుకుంటారు. డాబా మీద నిలబడి చేతులు ఊపండి, సరిపోతుంది.

అమ్మను అంత దూరం ఎండలో తిప్పొద్దు. ఇంకేం విశేషాలు లేవు.

జనార్ధన్


అత్వెల్లి,
9 మార్చి 1999

జనార్ధన్‌కు,

నీ ఉత్తరం బిందు అమ్మకు చదివింది. "నలుగురు చూస్తే నవ్వరా" అనే ముక్క దగ్గర అమ్మ మళ్లీ చదవమన్నది. రెండోసారి విని లోపలికి పోయింది. రాత్రి నాతో అన్నది: "కుర్మయ్య చేపల బండ్ల పోతమని ఎవలో చెప్పినట్టున్నరు వానికి. పెద్ద కొలువుల ఉన్నోడు, మనను జూసి సిగ్గుపడతాండు. పోనీ తియ్యి."

చేపల బండి సంగతి నేను రాయనే లేదు, నీకెలా తెలుస్తుంది అంటే వినదు. అవును, కుర్మయ్య ట్రాలీ ఆటోలోనే పోదామనుకున్నారు. రెండు రోజుల ముందు కడుగుతానన్నాడు కూడా.

పోయిన శుక్రవారం విమానం పోతుంటే అమ్మ వాకిట్లోకి రాలేదు. ఇవ్వాళ మంగళవారం, ఇవ్వాళా రాలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి. మీ బావ డాబా మీద నుంచి "అత్తమ్మా, అచ్చింది" అని అరిస్తే, లోపల నుంచి "పోనియ్యి" అన్నది. సాయంత్రం పుస్తకం కూడా చదివించుకోలేదు.

ఇన్నాళ్లు మీ బావను వెక్కిరించాను, అది నాకు కాలక్షేపం. నిన్ను మాత్రం వెక్కిరించాలని లేదు, కోపంగా ఉంది. కన్నతల్లి బేగంపేటలో నిలబడితే నీ పరువు పోతుందా. గేటు దాకా వచ్చి మొహం చూపించడానికి నీకు ఏ పోలీసు అడ్డం వస్తాడో రాయి.

వినోద


బొంబాయి,
18 మార్చి 1999

అక్కా,

సిగ్గు కాదు. అమ్మకు సిగ్గు కాదని చెప్పు.

వస్తున్నాను. 30న పొద్దున ఎనిమిదిన్నరకు విమానం దిగుతుంది, ఎనిమిదీ ముప్పై అయిదుకు గేటు బయట ఉంటాను. అమ్మను తీసుకురండి, ఏ బండిలోనైనా సరే.

జనార్ధన్


బొంబాయి,
6 ఏప్రిల్ 1999

అక్కకు, బావకు,

క్షేమంగా చేరాను. ఇక్కడ మావాళ్లందరికీ దండ సంగతి చెప్పి విసిగిస్తున్నాను. ఫోటో వస్తే ఒక కాపీ పంపండి.

అక్కా, నువ్వు రాకపోయి మంచి తమాషా పోగొట్టుకున్నావు. చివరి రాక కదా, విమానం లోపల అందరికీ లడ్డూలు పంచారు. పైలటు మైకులో రెండు ముక్కలు మాట్లాడాడు. మేడ్చల్ మీదుగా వస్తుంటే కింద మన డాబా అగ్గిపెట్టెలా కనబడింది. దిగడం కూడా ఎంత మెత్తగా దిగిందనుకున్నావు, గ్లాసులో నీళ్లు తొణకలేదు. అమ్మ కూడా అదే అన్నది, "గింత సప్పుడు లేకుంట దిగిందా బిడ్డా" అని.

బావ మీద నాకో ఫిర్యాదు ఉంది. రెండు నెలలు సంఘం పెట్టి, పత్రం రాసి, పెయింటరును పెట్టి, తీరా ఆ రోజు ఏం చేశాడో తెలుసా. నా మెడలో దండ పడీ పడగానే "జల్దీ నడువుండ్రి, ఎండ అయితాంది" అని అందరినీ ట్రాలీలోకి తోశాడు. బాలనర్సయ్య పత్రం చదవనే లేదు. నన్నూ అమ్మనూ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి వాళ్లు ముగ్గురూ వెనక కూర్చున్నారు. ప్రాణంలా చూసుకున్న విమానం అక్కడే ఉంటే, ఒక్కసారి తిరిగి చూసుకోవాలని కూడా అనిపించలేదు. ఇదా విమానాల మీద ప్రేమ. దండకూ ఫోటోకూ వచ్చినట్టున్నారు. ఈ మాట బావకు చదివి వినిపించు, నేను వెక్కిరించానని కూడా చెప్పు.

అమ్మకు దండాలు. కొత్త విమానం ఏ రోజు వస్తుందో తర్వాత రాస్తాను.

మీ జనార్ధన్


అత్వెల్లి,
15 ఏప్రిల్ 1999

లడ్డూలు తిన్న తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించలేదు. వినిపించి ఉంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు, అది చూడడం నాకు ఇష్టం లేదు.

నువ్వు ఉన్న రెండు రోజుల్లోనే నాకు అనుమానం రావాల్సింది. నీ సంచికి గొలుసు, తాళం వేలాడుతుంటే బిందు "మామా, విమానంల గూడ దొంగలుంటరా" అని అడిగింది. నువ్వు దగ్గావు. తిరిగిపోయేటప్పుడు రైలెందుకురా అని అమ్మ అడిగితే, విమానం రిటైరైంది కదా అన్నావు. అప్పుడు కూడా నేను నవ్వానే గానీ ఆలోచించలేదు. చిన్నప్పుడు వాకిలి ఊడ్వమంటే నడిమధ్య ఊడ్చి మూలలు వదిలేసేవాడివి. నీ అబద్ధాలు కూడా అట్లాగే ఉంటాయి.

మొన్న కుర్మయ్య చేపలు తెచ్చాడు. తెచ్చి, తూకం వేయకుండా నిలబడ్డాడు. "అక్కా, కడుపుల దాచలేకపోతున్న" అని మొత్తం చెప్పాడు.

ఆ రోజు నీ విమానం ముప్పావుగంట ఆలస్యం. అక్కడ బోర్డు మీద పడిందట. వీళ్లు చదువుకుని, సరేలెమ్మని నిలబడ్డారట. అప్పుడు మద్రాసు నుంచి వచ్చినవాళ్లు బయటికి వస్తుంటే, వాళ్ల మధ్య నుంచి సంచి పట్టుకుని నువ్వు వచ్చావు. సరిగ్గా ఎనిమిదీ ముప్పై అయిదుకు. మాట మీద నిలబడ్డావు, విమానమే నిలబడలేదు. నువ్వు నేల మీద చేతులు ఊపుకుంటూ వస్తున్నప్పుడు నువ్వెక్కిన విమానం ఇంకా ఆకాశంలోనే ఉంది.

బాలనర్సయ్య నోరు తెరిచాడట. మీ బావ ఆయన కాలు తొక్కాడు. తొక్కి, దండ తీసుకుని నీ మెడలో వేశాడు. అమ్మ నీ మొహం తడుముతుంటే, అసలు విమానం వచ్చేలోపల మిమ్మల్ని అక్కడి నుంచి తప్పించాలని అందరినీ ట్రాలీ ఎక్కించాడు. నువ్వు ఫిర్యాదు చేసిన తొందర అదే.

బోయినపల్లి దగ్గర వెనక నుంచి సప్పుడు వచ్చిందట. కుర్మయ్య లేచి నిలబడి "ఎల్లేష్, గదే, అతుకుది, సూడు" అన్నాడు. ఎనిమిదేళ్లు చూసిన విమానం, ఇక ఎన్నటికీ రాని విమానం. తల ఎత్తితే ముందు సీట్లోంచి నువ్వో అమ్మో చూసి మీరూ తల ఎత్తుతారని మీ బావ కిందికే చూస్తూ కూర్చున్నాడు. కింద చేప పొలుసులు తప్ప ఏం లేవు. గడియారం మాత్రం చూసుకున్నాడట.

కుర్మయ్య పోయాక నేను పుస్తకం దించి చూశాను. మార్చి 30. మొదట 9-15 అని ఉంది, చేతికి ఉన్న అలవాటు అది. దాని మీద అడ్డంగా ఒక గీత. పక్కన 8-30. బిందు అమ్మకు చదివి వినిపించాలి కదా, అందుకు. మూడు పుస్తకాల్లో అదొక్కటే కొట్టివేత. చూడని శుక్రవారం కోసం కుర్మయ్యతో నెల రోజులు మాట్లాడని మనిషి నీ కోసం అబద్ధం రాశాడు. నేను ఆయనను ఎన్ని మాటలన్నానో ఈ ఉత్తరాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి, చదువుకో. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆయనను ఏం అడగలేదు. నిన్ను అడుగుతున్నాను. నువ్వు బొంబాయిలో చేసే పని ఏమిటి. అమ్మ మళ్లీ మంగళవారం లెక్కపెడుతోంది, ఏ విమానానికి కొంగు ఊపాలని రోజూ అడుగుతోంది. నేనేం చెప్పాలో నువ్వే రాయి. ఈసారి మూలలు కూడా ఊడ్చి రాయి.

వినోద


బొంబాయి,
24 ఏప్రిల్ 1999

అక్కా,

ఈ ఉత్తరం అమ్మకు, బావకు ఇద్దరికీ వినబడేలా చదువు. బిందుతో వద్దు, నువ్వే చదువు.

నేను విమానాలు ఊడుస్తాను. పొద్దున నాలుగింటికి ఎక్కుతాను, సీట్ల కింద కాగితాలు ఏరుతాను, వాంతి సంచులు తీస్తాను, పాయఖానా కడుగుతాను, ప్రయాణికులు ఎక్కకముందు దిగుతాను. మంగళవారం, శుక్రవారం హైదరాబాద్ విమానం నా వంతు. అందుకే నాదే అని రాశాను. నేను అబద్ధం రాయలేదు, అమ్మ వేరే విధంగా అనుకుంది. అనుకుని కొంగు ఊపుతోందని నువ్వు రాస్తే, కాదని చెప్పడానికి చెయ్యి రాలేదు. ఒక ఏడాది గడిచాక ఇక చెప్పే దారే లేకుండా పోయింది.

ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా విమానంలో గాలిలోకి లేవలేదు. మీరు దండ వేసిన దానికి ముందు రోజు రైలు దిగి స్టేషన్‌లో సంచికి గొలుసు వేసుకుని పడుకున్నాను. బేగంపేటలో ఊడ్చే బక్కయ్య తెలిసినవాడు, తెల్లారి లోపలికి తీసుకుపోయాడు. వాళ్ల గదిలో గడియారం ఉంది గానీ కిటికీ లేదు. ఏదో విమానం దిగిన సప్పుడు అయితే మాదే అనుకుని లేచాను. లడ్డూలు మావాళ్లు చెప్పగా విన్నాను. అవి కూడా పంచారో లేదో తెలియదు.

బావా, నీ మీద నవ్వాను. ఆ ఉత్తరం చించెయ్యి. పుస్తకంలో 8-30 కొట్టేసి 9-15 రాయి. దాని కింద నా పేరు రాయి: జనార్ధన్, రైలు, మార్చి 29, మధ్యాహ్నం. ఎనిమిదేళ్లు నీ పుస్తకంలో దొంగగా ప్రయాణం చేశాను, ఒక్కసారన్నా సరిగ్గా దిగనివ్వు.

అమ్మా, కోపం వస్తే తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

జనార్ధన్


అత్వెల్లి,
12 మే 1999

బామ్మర్ది జనార్ధన్‌కు ఎల్లేష్ రాసేది,

కార్డు మీద రాస్తున్న, దాసుకునేది ఏం లేదు గనుక. పోస్టుమ్యాన్ ఎట్లనో సదువుతడు, సదువనియ్యి.

నీ ఉత్తరం మీ అక్క సదివింది. సదివినంక నాకు రెండోసారి చాయ్ పోసింది. లగ్గమైనప్పటిసంది గిట్ల ఎప్పుడు జరగలే, నాకే భయమైంది. 9-15 తిరిగి రాసిన. నీ రైలు సంగతి రాయలే. గిది విమానాల పుస్తకం, అడ్డమైనయి రాయొద్దు.

అత్తమ్మ పది రోజులు మాట్లాడలే. అన్నం తిన్నది, మాట లేదు. నిన్న మంగళారం పొద్దుగాల పంక్చర్ ఏస్తున్న, ఆమెనే అచ్చి వాకిట్ల నిలబడ్డది. కొత్త విమానం అచ్చింది. తెల్లగ, అతుకు గితుకు ఏం లేదు. కొంగు ఊపలే. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అది చెరువు దిక్కు తిరిగేదాక చూసింది. చూసి "దీన్ని ఎవలు ఊడుస్తరు" అని అడిగింది. మంగళారం గద అత్తమ్మా, నీ కొడుకే అన్న.

లోపలికి పోతూ అన్నది, నీకు రాయుమన్నది, అందుకే ఈ కార్డు: "మూలలల్ల గూడ ఊడ్వుమను."